పాత విమానం ట్యాంకు లీకు: అతుకేయాలా, మార్చేయాలా?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. 1947 నాటి హై-వింగ్ విమానం, గుడ్డ రెక్కలు, ఒక్కో రెక్కలో ఒక్కో ట్యాంకు. ఎడమ రెక్క మొదట్లో, కింది వైపు గుడ్డ మీద అరచేతి వెడల్పున నీలి మరక కనిపించింది. మీ మెకానిక్ "లోపల స్లాషింగ్ కాంపౌండ్ పోసి తిప్పేద్దాం, ఒక్క పూటలో అయిపోతుంది" అన్నారు. మీ స్నేహితుడు వెల్డింగ్ చేయించమన్నారు. మీరేమో కొత్త ట్యాంకు రేటు చూసి టెన్షన్ పడుతున్నారు.

ముప్పై ఏళ్లుగా ఇలాంటి పాత విమానాల మీదే చేతులు మసి చేసుకుంటున్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. లోపల ద్రవ సీలెంట్ పోసి పొరలా పట్టించే ఆ స్లాషింగ్ వద్దు. వెల్డింగా, కొత్త ట్యాంకా అన్నది మాత్రం ట్యాంకును బయటికి తీసి చూసేదాకా నేను కాదు, ఎవరూ చెప్పలేరు. ఆ మరక ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా విమానాన్ని ఎగరేయకండి. గాలి ఆడే చోట చిన్న చెమ్మ ఉంటే దాన్ని కనిపెట్టి చూసుకుంటూ కొన్నాళ్లు నడపడానికి కొన్ని మాన్యువల్స్ ఒప్పుకుంటాయి. మీది అలాంటిది కాదు. గుడ్డ కప్పిన రెక్క లోపల ఆవిరి పోవడానికి దారి ఉండదు, పక్కనుంచే లైట్ల వైర్లు వెళ్తుంటాయి.

ముందు ఆ మరక సంగతి చూద్దాం. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకి నీలిరంగు కలిపేది గ్రేడు గుర్తుపట్టడానికే అయినా, లీకు పట్టడానికి మనకి అంతకంటే మంచి సాయం లేదు. పెట్రోలు ఆవిరైపోతుంది, రంగు అక్కడే మిగిలిపోతుంది. కానీ మరక ఉన్న చోటే చిల్లు ఉందనుకోకండి. చుక్క స్ట్రాప్ (ట్యాంకును కట్టి ఉంచే పట్టీ) వెంట జారి, రిబ్ (రెక్క లోపలి అడ్డ పట్టె) వెంట పాకి, గుడ్డ కుట్టు దగ్గర ఆగి, జానెడు దూరంలో బయటపడుతుంది. పైగా నా అనుభవంలో "ట్యాంకు లీకు" అని నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలా వరకు ట్యాంకువి కానే కాదు. ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర గట్టిపడిపోయిన రబ్బరు హోస్, డ్రెయిన్ వాల్వ్‌లో చితికిన ఓ-రింగ్ (రబ్బరు వలయం), గేజ్ సెండర్ (పెట్రోలు మట్టాన్ని గేజ్‌కి చెప్పే భాగం) కింద ఎండిన గ్యాస్కెట్, మూత సరిగా బిగవక ఎగిరేటప్పుడు వెనక్కి పీల్చుకుపోయిన పెట్రోలు, ఇలాంటివే. రెక్క విప్పి, ట్యాంకు దించి, వారం పోగొట్టుకున్నాక తప్పంతా ఒక ఓ-రింగ్‌దని తేలితే ఎంత ఒళ్లు మండుతుందో నాకు తెలుసు.

అందుకని విప్పకముందే ఒక చిన్న పరీక్ష చేయండి. ఇన్‌స్పెక్షన్ మూతలు తీసి, కనిపించినంత మేర పాత మరకలు తుడిచి ఆరనివ్వండి. అతుకులు, ఫిట్టింగుల మీద తెల్ల సుద్దపొడి పలచగా చల్లండి. ట్యాంకు నిండుగా నింపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకి పొడి మీద నీలి గీత దారి చూపిస్తుంది. తర్వాత ఐదేసి లీటర్ల చొప్పున పెట్రోలు తీస్తూ, తీసిన ప్రతిసారీ తుడిచి, మళ్లీ పొడి చల్లి, అరగంట ఆగి చూడండి. చెమ్మ ఏ మట్టం దగ్గర ఆగిపోయిందో చిల్లు ఆ ఎత్తులోనే ఉంటుంది. చివరి ఐదు లీటర్ల దాకా కారుతూనే ఉంటే అడుగున ఉన్నట్టు. సగంలో ఆగిపోతే పక్క అతుకో, బాఫిల్ (పెట్రోలు ఊగిసలాడకుండా లోపల ఉండే అడ్డు రేకు) రివెట్టో అయి ఉంటుంది. ఖర్చు లేని పరీక్ష ఇది, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ట్యాంకుదే లీకని తేలితే ఇక దించాలి. పెట్రోలు తీసేటప్పుడు విమానాన్నీ, డబ్బానీ, గరాటునీ వైర్లతో కలిపి ఎర్త్ చేయండి. ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ గరాటు వద్దు, స్టాటిక్ పుట్టించడంలో వాటిని మించినవి లేవు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది. హ్యాంగర్ ఆ చివర హీటరో, గ్రైండరో నడుస్తుంటే అక్కడిదాకా వెళ్లగలదు. తలుపులన్నీ తెరిచి పెట్టుకోవాలి, వీలైతే ఈ పని ఆరుబయటే చేయాలి.

ట్యాంకు బయటికి వచ్చాక అందరూ ట్యాంకు వైపే చూస్తారు. నేను ముందు ఖాళీ అయిన గూడు వైపు చూస్తాను. ట్యాంకు ఎందుకు పాడైందో అక్కడ రాసిపెట్టి ఉంటుంది. పాత విమానాల్లో ట్యాంకు కిందా, స్ట్రాపుల కిందా ఫెల్ట్ (అదిమిన ఉన్ని గుడ్డ) పట్టీలు వేసేవారు. ఫెల్ట్ మెత్తగా ఉంటుంది, నిజమే, కానీ తడి పీల్చిందంటే ఏళ్ల తరబడి వదలదు. ఆ తడి కింద అల్యూమినియం తెల్ల పొడిగా మారుతూ, గుంటలు పడుతూ తినేసుకుపోతుంది. వేలితో ఆ పొడిని గీకితే కింద సూది మొనంత నల్ల చుక్క కనిపిస్తుంది. మీ చిల్లు అదే. ఇంకో శత్రువు ఎలుక. రెక్కలో గూడు కట్టుకుందంటే దాని మూత్రం అల్యూమినియంని ఆసిడ్‌లా కొరికేస్తుంది. మూడోది వదులైన స్ట్రాప్. ఇంజిన్ అదురుకి ట్యాంకు కదలడం, రిబ్‌కి రాసుకోవడం, రాసుకున్న చోట రేకు పలచబడడం. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలుసుకోకుండా కొత్త ట్యాంకు పెడితే, అదీ పాతదాని దారే పడుతుంది.

ఇప్పుడు జేబులోంచి ఒక అయస్కాంతం తీయండి. అతుక్కుంటే అది టెర్న్ ప్లేట్, అంటే సీసం-తగరం పూత ఉన్న ఉక్కు రేకు. పైపర్ జె-3 కబ్ లాంటి పాత విమానాల ముక్కులో ఉండే ట్యాంకు ఈ రకమే. దాన్ని టాంకంతో అతుకుతారు, వెల్డింగ్ ఊసే ఎత్తకూడదు. అయస్కాంతం అతుక్కోకపోతే అల్యూమినియం. ఏ అల్యూమినియం అన్నది ఇంకా ముఖ్యం. 3003, 5052 లాంటి మెత్తని రకాలైతే వెల్డింగ్‌కి లొంగుతాయి. 2024 లాంటి, వేడితో గట్టిపరిచిన రకాలతో చేసిన ట్యాంకుల్ని రివెట్లతో కడతారు. వాటి మీద వెల్డింగ్ టార్చ్ పెడితే పక్కనే పగుళ్లు వస్తాయి, రేకు బలం కూడా పోతుంది. రివెట్ల వరస కనిపిస్తే వెల్డర్ దగ్గరికి పరుగెత్తకండి. మీ మెయింటెనెన్స్ మాన్యువల్‌లోనో, పార్ట్స్ కేటలాగ్‌లోనో రకం రాసి ఉంటుంది.

ప్రెషర్ టెస్ట్ దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. డిజైన్ నిబంధనల్లో ఇలాంటి లోహపు ట్యాంకు 3.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ఒత్తిడి కొలత) తట్టుకోవాలని ఉంటుంది. వినడానికి చాలా చిన్న అంకె, కారు టైరులో అంతకు తొమ్మిది పది రెట్లు కొడతాం. నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకుని, కంప్రెసర్ హోస్‌ని రెగ్యులేటర్ మీదుగా నేరుగా ట్యాంకుకి తగిలించాను. ముల్లు 3 చూపిస్తోంది కదా అని ధీమా. వాల్వ్ ఇంకాస్త తిప్పానో లేదో, లోపల "టంగ్" మని మోగింది. చూస్తుండగానే ట్యాంకు దిండులా ఉబ్బింది. లోపలి బాఫిల్స్ వెల్డింగులు వరసగా తెగిపోయాయి. సూది మొనంత లీకుతో వచ్చిన ట్యాంకు నా చేతుల్లో తుక్కయింది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ట్యాంకు పైరేకు 50 సెంటీమీటర్ల వెడల్పు, 75 పొడవు అనుకోండి. 3.5 పీఎస్ఐ దగ్గర ఆ ఒక్క రేకు మీదే 900 కిలోలకు పైగా తోపుడు ఉంటుంది. కొత్త ట్యాంకు తట్టుకోవచ్చు. డెబ్బై ఏళ్లకు పైబడిన, గుంటలు పడ్డ ట్యాంకుని అంత బరువు మోయమనడం అన్యాయం. లీకు వెతకడానికి అర పీఎస్ఐ చాలు, అప్పుడు ఆ రేకు మీద 130 కిలోల చిల్లరే పడుతుంది. అర పీఎస్ఐని కంప్రెసర్ గేజ్ మీద నమ్మకంగా చదవలేం. అందుకే పారదర్శకమైన ట్యూబుని యూ ఆకారంలో వంచి, నీళ్లు పోసి, ఒక కొస ట్యాంకుకి తగిలించండి. రెండు వైపుల నీటి మట్టాల తేడా 35 సెంటీమీటర్లు వచ్చిందంటే అదే అర పీఎస్ఐ. గాలిని సైకిల్ పంపుతోనో, చేతి పంపుతోనో ఎక్కించండి. ఎక్కువైతే నీళ్లు ఎగిరి నేల మీద పడతాయి, ట్యాంకు మిగులుతుంది. ఈ ట్యూబు ఒకేసారి గేజూ, సేఫ్టీ వాల్వూ అన్నమాట. అన్ని రంధ్రాలూ మూసి, సబ్బు నీళ్లు బ్రష్‌తో పూస్తూ పోతే, చిల్లు ఉన్న చోట ముందు మసకగా, తర్వాత ఆవగింజంత బుడగలు గుంపుగా లేస్తాయి. తొందరపడి పక్కకి జరగకండి. సన్న లీకు బుడగ కట్టడానికి నిమిషం పడుతుంది.

ఆవిరంతా పోగొట్టి శుభ్రం చేశాక ఇంకో చూపు చూడండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని లోపలికి దించి, గది చీకటి చేసి, అడుగువైపు చూడండి. ఒకే ఒక్క వెలుగు చుక్క కనిపిస్తే రిపేరు గురించి ఆలోచించవచ్చు. నక్షత్రాల్లా పది కనిపిస్తే ఆలోచించడానికేం లేదు, ఆ అడుగు అయిపోయింది. చిల్లు పడనివి ఇంకా ఎన్ని సగం దాకా తిన్నాయో లెక్క ఉండదు.

వెల్డింగ్ దగ్గరికి వద్దాం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం, ఈ ముక్క గుర్తుంచుకోండి. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. "ఖాళీ చేసి నెల అయింది" అనుకున్న ట్యాంకులో, అతుకుల మడతల్లో ఇంకిన చెంచాడు పెట్రోలు వెల్డింగ్ వేడికి ఆవిరై సరిగ్గా ఆ మోతాదుకి వస్తుంది. ముందు వేడినీళ్లు, డిటర్జెంట్‌తో కడగాలి. తర్వాత కనీసం అరగంట నీటి ఆవిరి పట్టించాలి. గ్యాస్ మీటర్ పెట్టి చూడాలి. వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ లోపల ఆర్గాన్ అనే మండని గ్యాస్ పారుతుండాలి. కారు సైలెన్సర్ పొగ పట్టిస్తే చాలని చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. వారి మాట వినకండి. ఈ పని ట్యాంకుల మీదే చేసే వెల్డర్‌కి ఇవ్వండి. వీధి చివర గేట్లు వెల్డింగ్ చేసే అబ్బాయి ఎంత చేయి తిరిగినవాడైనా సరే, అతని ప్రాణం పణంగా పెట్టే హక్కు మనకి లేదు.

బాగా చేసే చేతుల్లో కూడా పాత అల్యూమినియం మొండికేస్తుంది. దశాబ్దాల పెట్రోలు, సీసం మడ్డి, పాత సీలెంట్ రేకులోకి ఇంకి ఉంటాయి. వెల్డింగ్ చేసే చోట కరిగిన లోహం మరుగుతుంది, చల్లారాక స్పాంజిలా రంధ్రాలు మిగులుతాయి. ఒక చిల్లు మూస్తే దాని పక్కన ఇంకోటి. గ్యాస్ వెల్డింగ్ అయితే ఇంకో మెలిక ఉంది. దానికి వాడే ఫ్లక్స్ (అతుకు పట్టడానికి పూసే రసాయనం) అల్యూమినియంని తినేస్తుంది. పని అయ్యాక వేడినీళ్లతో కడిగి, 5 శాతం నైట్రిక్ లేదా సల్ఫ్యూరిక్ ఆసిడ్ నీళ్లతో కడిగి, మళ్లీ శుభ్రమైన నీళ్లతో కడగాలి. లోపల ఫ్లక్స్ మిగిలిపోతే ఏడాది తిరిగేసరికి కొత్త అతుకు వెంటే లీకు వస్తుంది. ఆర్గాన్ కాపలాలో కరెంటుతో చేసే టిగ్ వెల్డింగ్‌లో ఈ బెడద లేదు, కాబట్టి నా ఓటు దానికే. చిల్లు ఒక్కటే అయి, చుట్టూ రేకు మందంగా, ఆరోగ్యంగా ఉంటేనే వెల్డింగ్. అడుగంతా గుంటలు పడితే చిల్లుల వెంట పరుగెత్తకుండా అడుగు రేకునే మొత్తం మార్చేసే వర్క్‌షాపులు ఉన్నాయి. చాలాసార్లు అదే మంచి బేరం.

ఇక స్లాషింగ్. ట్యాంకులో ద్రవ సీలెంట్ పోసి, అటూ ఇటూ దొర్లించి, మిగిలింది వంచేస్తే లోపలంతా పొరలా పడుతుంది. చెప్పుకోడానికి బాగుంటుంది. ఆ పొర నిలవాలంటే లోపల అద్దంలా శుభ్రంగా ఉండాలి, చిన్న మూత రంధ్రం గుండా ఆ పాత ట్యాంకు మూలల్ని అంత శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన విమానం రన్-అప్‌లో (ఎగరబోయే ముందు నేల మీద ఇంజిన్ వేగం పెంచి చూసే పరీక్షలో) దగ్గి దగ్గి ఆగిపోయేది. ట్యాంకు అవుట్‌లెట్‌లోని ఫింగర్ స్ట్రైనర్ (వేలి ఆకారపు జల్లెడ) విప్పితే దానికి చుట్టుకుని పాము కుబుసంలా పలచటి పొర ఊడొచ్చింది. ఎవరో ఎప్పుడో పోసిన స్లాషింగ్ అది, లాగ్‌బుక్‌లో ఒక్క ముక్క రాయలేదు. అదే గాలిలో, అదీ టేకాఫ్‌లో జరిగి ఉంటే? ఇథనాల్ కలిసిన కారు పెట్రోలు పోశారంటే పాత రకం స్లాషింగ్ జిగురుగా కరిగిపోవడమూ మామూలే. కార్క్ ఫ్లోట్ గేజ్ ఉన్న ట్యాంకుల్లో ఫ్లోట్ మీది పాత షెల్లాక్ (లక్క) పూతకీ అదే గతి. పూత పోతే కార్క్ తడిసి బరువెక్కుతుంది, గేజ్ తప్పు చూపిస్తుంది. కొందరు తయారీదారులు కొన్ని రివెట్ ట్యాంకులకి స్లాషింగ్‌ని ఫ్యాక్టరీలోనే వాడారు, అది వేరే కథ. గుంటలు పడ్డ ట్యాంకుకి అది కట్టు, మందు కాదు. పైగా ఒకసారి పోశాక ఏ వెల్డరూ ఆ ట్యాంకుని ముట్టుకోడు.

రబ్బరు సంచుల్లాంటి బ్లాడర్ ట్యాంకులూ, రెక్కనే ట్యాంకుగా వాడే వెట్ వింగ్‌లూ మీకు సంబంధం లేదు. వెట్ వింగ్‌లకి పాలీసల్ఫైడ్ సీలెంట్ పూస్తారని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట మీ ట్యాంకుకి తగిలించుకోకండి.

మార్చాలనే తేలితే: అనుమతి ఉన్న తయారీదారు దగ్గర కొత్త ట్యాంకు, లేదా మీ పాతదాన్నే నమూనాగా పెట్టుకుని అనుమతి ఉన్న వర్క్‌షాపు కట్టి ఇచ్చేది, ఈ రెండే సరైన దారులు. తుక్కు విమానంలోంచి తీసిన ట్యాంకు చవగ్గా దొరుకుతుంది, కానీ అదీ మీ ట్యాంకు వయసుదే. కొనే ముందు పైన చెప్పిన నీళ్ల ట్యూబు పరీక్ష మీ కళ్లముందు చేయమనండి. రిపేరైనా, మార్పైనా మీ దేశపు ఏవియేషన్ అథారిటీ నిబంధనల ప్రకారం సంతకం చేయగలిగిన మనిషిని పని మొదలుపెట్టకముందే కలవండి. అంతా అయ్యాక కాగితాలు అడిగితే మళ్లీ విప్పించే రోజు వస్తుంది.

బిగించేటప్పుడు పాత ఫెల్ట్‌ని తిరిగి వేయొద్దు. నీళ్లు పీల్చని ప్యాడింగ్, మాన్యువల్ ఒప్పుకున్నది వేయండి. దగ్గర్లోని రబ్బరు హోసులన్నీ ఇప్పుడే మార్చండి, మళ్లీ అక్కడికి చేయి పట్టదు. ట్యాంకులోకి గాలి వచ్చే వెంట్ గొట్టంలో గాలి ఊది చూడండి. కందిరీగ గూడు కట్టి వెంట్ మూసుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకు లోపలికి పీల్చుకుపోయి నలుగుతుంది. ఫ్లో కూడా ఆగిపోవచ్చు. గ్రావిటీతో నడిచే సిస్టమ్‌కి నిబంధన ప్రకారం టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు ఫ్లో ఉండాలి. గంటకు 30 లీటర్లు తాగే ఇంజిన్ అయితే గంటకు 45, అంటే నిమిషానికి ముప్పావు లీటరు. దీన్ని పరీక్షించేటప్పుడు, తోక చక్రం విమానం నేల మీదే ముక్కు ఎత్తి ఉంటుంది కదా అని సరిపెట్టుకోకండి, ఎక్కే కోణం కొలిచి, అవసరమైతే ముక్కు ఇంకాస్త ఎత్తి పెట్టండి. ట్యాంకులో కొద్దిగానే పెట్రోలు ఉంచి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, వాచీ చూస్తూ డబ్బాలో పట్టండి. గేజ్‌ని ఐదేసి లీటర్లు పోస్తూ గుర్తులు పెట్టుకోండి. వాడుకోలేని పెట్రోలు మాత్రమే మిగిలినప్పుడు అది సున్నా చూపించాలి. మొదటి గంట నడిపాక స్ట్రైనర్ విప్పి చూడండి, కొత్త ట్యాంకులోనూ రజను ఉంటుంది.

కుడి ట్యాంకు వయసూ అంతే, దాని కిందా అదే ఫెల్ట్ ఉంటుంది. ఎడమది దించినప్పుడు ఆ ఫెల్ట్ తడిగా కనిపిస్తే కుడి దాన్నీ దించండి. పొడిగా ఉండి, ఎలుక గూడో, వదులు స్ట్రాపో కారణమని తేలితే కుడివైపు స్ట్రాపులు బిగించి, మూతల్లోంచి చూస్తే చాలు. ముందైతే అయస్కాంతం అతుక్కుందో లేదో, చెమ్మ ఎన్ని లీటర్ల దగ్గర ఆగిందో చూడండి. ఆ రెండు జవాబులు చేతికి రాకముందు ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.